వదిలెయ్యాలా, వండుకోవాలా?

డాలస్‌కు తూర్పున, కారులో గంటన్నర ప్రయాణంలో లేక్ ఫోర్క్ ఉంది. సబీన్ నదిలో కలిసే ఒక వాగు మీద ఆనకట్ట కట్టి 1980లో నింపడం మొదలుపెట్టిన జలాశయం. విస్తీర్ణం సుమారు 27 వేల ఎకరాలు. నీళ్లు నింపేముందు లోపలి అడవిని పూర్తిగా కొట్టేయకుండా చాలా చెట్లను అలాగే నిలబెట్టారు. ఆ మోడుల మధ్య పెరిగే లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప కోసం అమెరికా నలుమూలల నుంచీ జనం వస్తారు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లలోనూ ఈ గాలం వేట అలవాటైనవాళ్లున్నారు. చేపను పడతారు, కొలుస్తారు, ఫొటో తీసుకుంటారు, వదిలేస్తారు. ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన పెద్దలకు ఈ ఆఖరి పని మింగుడుపడదు.

ఈ సంవాదం అలాంటి ఇద్దరిది. బావ కైకలూరు ప్రాంతంలో శీలావతి, బొచ్చె చెరువులు చేసే రైతు. బామ్మర్ది డాలస్‌లో ఉద్యోగి, బాస్ వేటంటే ప్రాణం. ఇద్దరికీ చేప బాగా తెలుసు. తెలిసిన దారులే వేరు.

బావ: సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకు. తినడానికి పట్టావంటే అర్థం ఉంది. అమ్మడానికి పట్టావన్నా అర్థం ఉంది. మూతికి గాలం దించి, పైకి లాగి, ఫొటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేసేదానికి అసలు పట్టడం దేనికి?

బామ్మర్ది: పట్టేదాకా చేసే పని కోసం బావగారూ. బాస్ మేత వెతుక్కుంటూ చెరువంతా తిరిగే రకం కాదు. మోడు పక్కనో, నాచు అంచునో నీడలో కదలకుండా కాపు కాస్తుంది. చిన్న చేప అందుబాటులోకి రాగానే ఒక్కసారిగా నోరు తెరుస్తుంది. నీళ్లతో సహా ఎర లోపలికి పోతుంది. నోరు మూసినప్పుడు చూస్తే పై దవడ చివర కంటిని దాటి వెనక్కి వెళ్లి ఉంటుంది. దీని దగ్గరి చుట్టం స్మాల్‌మౌత్ బాస్‌కు ఆ దవడ కన్ను దాటదు. ఇంత నీటిలో ఇవాళ అది ఏ మోడు దగ్గరుంది, ఎంత లోతులో ఉంది, గాలి ఏ గట్టుకు కొడుతోంది, నీళ్లు ఎంత వెచ్చబడ్డాయి, అన్నీ లెక్క వేసుకుని ఎర వేయాలి. చేప పట్టిందంటే నా లెక్క కుదిరిందని.

బావ: ఎర అంటే వానపామేనా?

బామ్మర్ది: వానపాము ఆకారంలో ఉండే మెత్తటి ప్లాస్టిక్ ముక్క. ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన 1949 ప్రాంతంలో ఇంట్లోనే పోతపోసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ కంపెనీ తర్వాత ఇక్కడికి దగ్గర్లోని టైలర్ ఊరికి వచ్చేసింది. గాలం మొనను ఆ ప్లాస్టిక్ ఒంట్లోనే దాచి, ముందు కోసుగా ఉండే చిన్న బరువు ఎక్కిస్తే మోడుల మధ్య తట్టుకోకుండా జారిపోతుంది. దాన్ని టెక్సాస్ రిగ్ అంటారు. అడుగున మెల్లగా పాకిస్తుంటే దారం మీద టక్కుమని ఒక్క తట్టు తెలుస్తుంది. ఆ తట్టు కోసమే పొద్దస్తమానం నిలబడతాం.

బావ: బాగుంది. నీ లెక్క కుదిరిందో లేదో తెలియడానికి దాని మూతికి చిల్లు పడాలా? చేపకు నొప్పి ఉండదని మాత్రం నాకు చెప్పకు. వల దగ్గర పడేకొద్దీ చేప ఎలా కొట్టుకుంటుందో చూస్తూ బతికేవాణ్ణి.

బామ్మర్ది: చెప్పను. మీ వాదనకు బలం నేనే ఇస్తాను. లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త సహచరులతో కలిసి ట్రౌట్ చేపల మీద చేసిన ప్రయోగాలను 2003లో ప్రచురించారు. దెబ్బనూ వేడినీ ఘాటు రసాయనాన్నీ పసిగట్టే నాడులు వాటి మూతి చుట్టూ ఉన్నాయని తేల్చారు. పెదవుల్లోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కిస్తే అవి చాలాసేపు మేత ముట్టలేదు, మూతిని తొట్టి అడుగు గులకరాళ్లకు రుద్దుకున్నాయి. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. బాధను అనుభవించే నిర్మాణం చేప మెదడులో లేదని వాళ్లంటారు. ఆ తగువు ఇంకా తెగలేదు. స్విట్జర్లాండ్ మాత్రం తెగేదాకా ఆగలేదు. వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని అక్కడ జంతు సంరక్షణ నిబంధనల కింద నిషేధించారు.

బావ: ఇంకేం మరి, ఆ దేశం మాటే నా మాట. చంపినవాడికి ఆకలి అనే కారణం ఉంది. నీకేం కారణం ఉంది?

బామ్మర్ది: ఒక్క చేపను చూసి అడిగితే నా దగ్గర జవాబు లేదు. చెరువు మొత్తాన్ని చూసి అడగండి, చెబుతాను. ఈ రాష్ట్రంలో గాలం వేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. పట్టినవాడల్లా పట్టిందంతా ఇంటికి మోసుకుపోతే ఫోర్క్‌లో పెద్ద చేప మిగలదు. రే స్కాట్ అని అలబామాలో ఇన్సూరెన్స్ అమ్ముకునే ఆయన ఉండేవాడు. 1967లో ఆర్కన్సాస్‌లోని బీవర్ లేక్‌లో పెద్ద బాస్ పోటీ పెట్టాడు. మరుసటేడాది వేటగాళ్ల సంఘం పెట్టాడు. అప్పట్లో పోటీ ముగిసేసరికి తాళ్లకు గుచ్చిన చచ్చిన చేపల గుత్తులే గుత్తులు. 1972లో స్కాట్ తానే, పట్టినదాన్ని చంపకండి అంటూ ప్రచారం మొదలుపెట్టాడు. పడవలో నీళ్ల తొట్టి, దానికి గాలి పంపు ఉండాలన్నాడు. ప్రాణంతో తూకానికి తెచ్చినవాడికి బోనస్ ఇచ్చాడు. ఈ దేశంలో బాస్‌ను వదిలే అలవాటు ఊరూరా పాకింది అక్కడి నుంచే.

బావ: తొట్టిలో బతికే ఉంది, వదలగానే ఈదుకుంటూ పోయింది. అంతటితో బతికినట్టేనా? నా అసలు అభ్యంతరం ఇక్కడే. మా దగ్గర పిల్లను ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మార్చేటప్పుడు ముందురోజే మేత ఆపేస్తాం. తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడే వల లాగుతాం. పొడి చేత్తో ముట్టుకోం. ఇంత చేసినా వారం తిరక్కుండా కొన్ని తేలతాయి. ఒంటి మీది జిగట పొర లేచిపోయినచోట బూజు పడుతుంది, ఎర్రమచ్చలు పుడతాయి. వదిలినరోజు చురుగ్గా పోయిన చేపే నాలుగోరోజు గట్టుకు కొట్టుకొస్తుంది. నువ్వు వదిలేసి ఇంటికి వచ్చేస్తావు. నాలుగోరోజు సంగతి నీకెలా తెలుసు?

బామ్మర్ది: నేను చూడకపోయినా చూసినవాళ్లున్నారు. పోటీలయ్యాక చేపలను వలకట్లలో ఉంచి రోజుల తరబడి గమనించిన పరిశోధనలు చాలా జరిగాయి. మీరన్నది నిజమే. తూకం దగ్గర చచ్చేవాటితో లెక్క ముగియదు, తర్వాతి రోజుల్లో చచ్చేవి ఉంటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ చావులు పెరుగుతాయి. గాలం పెదవికి తగిలినవి చాలావరకు బతుకుతాయి. గొంతులోకో మొప్పల్లోకో దిగితే ఆశ తక్కువ.

బావ: వేడి నీళ్ల సంగతి నాకు కొత్తా! 15 డిగ్రీల నీళ్లు లీటరుకు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. చేపకేమో ఆ వేడిలోనే ఊపిరి ఎక్కువ కావాలి. మండు వేసవిలో తెల్లారగట్ల ఏరేటర్ ఆగిందంటే మా కొంప మునిగినట్టే. ఇక్కడ జులై, ఆగస్టుల్లో నీళ్లెంత ఉంటాయి?

బామ్మర్ది: పైనీళ్లు 30 దాటుతాయి.

బావ: ఆ నీళ్లలో లాగిలాగి అలిసిపోయిన చేపను ఎండలో ఎత్తిపట్టి, ఒక ఫొటో సరిగా రాలేదని ఇంకో ఫొటో తీస్తారు. పరుగెత్తి వచ్చినవాడి ముక్కూ నోరూ మూసేసినట్టు కాదూ?

బామ్మర్ది: అవును. అందుకే ఇది తెలిసినవాళ్ల పద్ధతి వేరు. సన్న దారంతో ఆటాడించకూడదు. బలమైన దారంతో త్వరగా పడవ దగ్గరికి తెచ్చేయాలి. గాలం మొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ముందే పట్టకారుతో నొక్కేస్తే ఒక్క తిప్పుకు ఊడి వస్తుంది. చేతులు తడుపుకోవాలి. బొటనవేలు నోట్లో పెట్టి కింది పెదవి పట్టుకుంటే బాస్ కదలకుండా ఆగుతుంది. పళ్లు సన్నవి, గరుకుగా తగులుతాయి తప్ప కోయవు. పెద్ద చేపనైతే ఆ దవడ మీదే వేలాడదీయకూడదు. రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టుకోవాలి. కొలత పలకను ముందే తడిపి ఉంచాలి. బాగా లోతు నుంచి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బి మళ్లీ కిందికి దిగలేదు, అలాంటి లోతుల్లో వేట మానుకోవాలి. ఇక మీరన్న ఆగస్టు మధ్యాహ్నం, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ వేళ గాలం వేయకపోవడమే సరైంది.

బావ: సరే, అది ఒప్పుకున్నావు. ఇంకోటి అడుగుతా. ఇది గుడ్లెప్పుడు పెడుతుంది?

బామ్మర్ది: చలికాలం పోయి నీళ్లు 15, 18 డిగ్రీలకు రాగానే. మగది లోతు తక్కువగా ఉన్న ఒడ్డుకు వచ్చి, తోకతో అడుగు మట్టిని ఊడ్చి గుండ్రటి గుంట చేస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది అక్కడే ఉండిపోతుంది. మట్టి పేరుకోకుండా, ఆక్సిజన్ అందేలా రెక్కలతో గుడ్ల మీద నీళ్లాడిస్తూ ఉంటుంది. పిల్లలు గుడ్లలోంచి బయటపడి ఈత నేర్చాక కూడా కొన్నాళ్లు వాటి వెంటే తిరుగుతుంది. ఆ రోజుల్లో దాని తిండి అంతంతమాత్రం.

బావ: అచ్చం కొర్రమీనే! కాకపోతే మన దగ్గర తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన చినుకులు పడ్డట్టు బుడగలు వేసుకుంటూ తిరుగుతుంది. పెద్దవి కిందే ఉంటాయి. ఆ గుంపు మధ్యలో కప్పను గుచ్చి వేస్తే చటుక్కున పట్టేస్తాయి, ఆకలితో కాదు, పిల్లల మీద భయంతో. పిల్లల మీదున్న కొర్రమీను జోలికి పోవద్దని మా పెద్దలు చెప్పేవాళ్లు. మీ బాస్ వాళ్లు గుంట మీదున్న చేపకు ఎర వేస్తారా?

బామ్మర్ది: వేసేవాళ్లున్నారు. నీళ్లు తేటగా ఉంటే ఆ గుంటలు పైనుంచే తెల్లగా కనిపిస్తాయి. ఎరను సరిగ్గా అందులో పడేస్తే, మగది దాన్ని నోటితో తీసి అవతల పారేయడానికి పట్టుకుంటుంది. అప్పుడు లాగుతారు. తర్వాత వదిలేస్తారు. కానీ అది పడవలో ఉన్న కాసేపట్లోనే బ్లూగిల్ చేపలు గుంట మీదికి వచ్చి గుడ్లు తినేస్తాయి. తిరిగి వచ్చినా కొన్ని మగచేపలు గూడు వదిలేసి పోతాయి. పెద్ద జలాశయాల్లో కొన్ని గూళ్లు పోయినా మొత్తం సంఖ్యకు నష్టం లేదని కొందరు శాస్త్రవేత్తల మాట. చల్లటి నీళ్ల కెనడాలో, ఒంటారియో లాంటి చోట్ల, గుడ్ల కాలం గడిచేదాకా సీజన్ తెరవని పద్ధతి ఉంది. టెక్సాస్‌లో మాత్రం ఏడాది పొడవునా పట్టవచ్చు.

బావ: చట్టం ఒప్పుకుంటే ఒప్పుకోనీ. నేను ఒప్పుకోను. కాపలా ఉన్నదాన్ని పట్టడంలో నువ్వు చెప్పిన ఆ లెక్కా లేదు, నైపుణ్యమూ లేదు.

బామ్మర్ది: నేనూ ఆ గుంటల జోలికి పోను. ఈ విషయంలో మనిద్దరిదీ ఒకే మాట.

బావ: సరే, పెద్ద చేప పెద్ద చేప అంటారుగా. ఇందులో పెద్దది ఎంత?

బామ్మర్ది: 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ అనే పేద రైతుకుర్రాడు పట్టింది 22 పౌండ్ల 4 ఔన్సులు. అంటే పది కిలోల పైన. ప్రపంచ రికార్డు. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకుని తిన్నారు.

బావ: పెర్రీ నాకు నచ్చాడు! కరువు రోజుల్లో ఇంటిల్లిపాదికీ కడుపు నింపింది. రికార్డూ నిలబడింది, చేపా వృథా పోలేదు. ఇంకెవరైనా అంతకంటే సరైన పని చేశారా చెప్పు.

బామ్మర్ది: పెర్రీని నేను తప్పు పట్టను. ఇదే ఫోర్క్‌లో జరిగింది చెబుతాను. 1986 నవంబరులో ఒక గైడ్ ఇక్కడ 17.67 పౌండ్ల ఆడ బాస్ పట్టాడు. ఎనిమిది కిలోలు. కోయకుండా ప్రాణంతో ఉంచి రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకు అప్పగించాడు. ఎథెల్ అని పేరు పెట్టారు. మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పెద్ద అక్వేరియంలో అది ఏళ్ల తరబడి బతికింది, లెక్కలేనంత మంది చూశారు. దానితోనే షేర్‌లంకర్ అనే పథకం మొదలైంది. చలికాలం చివర, గుడ్లకు ముందు, 13 పౌండ్లు దాటిన చేపను పట్టినవాళ్లు శాఖకు కబురు పెడితే వచ్చి తీసుకెళతారు. ఏథెన్స్ అనే ఊళ్లోని హేచరీలో గుడ్లు పెట్టించి, ఆ పిల్లలను జలాశయాల్లో వదులుతారు. 1992 జనవరిలో ఇదే ఫోర్క్‌లో 18.18 పౌండ్ల చేప పడింది. టెక్సాస్ రికార్డు ఇప్పటికీ అదే.

బావ: తల్లిచేపను కోయకపోవడం మాకు చెప్పాల్సిన సంగతి కాదు. హేచరీవాడు బ్రూడర్‌ను కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఈ పథకానికి నేను దండం పెడతాను. మరి ఈ హేచరీలు, పిల్లలు, వీటన్నిటికీ డబ్బెవరిస్తారు?

బామ్మర్ది: చాలావరకు గాలం వేసేవాళ్లే. లైసెన్సు డబ్బు రాష్ట్ర శాఖకు పోతుంది. 1950లో వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం గాలం, రాడ్, రీల్ లాంటి సామాను మీద తయారీదారు కట్టే పన్ను రాష్ట్రాలకు చేపల సంరక్షణ కోసం తిరిగి వస్తుంది. నా సరదాకు చెరువు ఇచ్చింది కాబట్టి నేను చెరువుకు కట్టాలి. ఆ లెక్క నాకు నచ్చింది.

బావ: మంచిదే. అయితే నువ్వు చెప్పేది వింటుంటే వదలడమే ధర్మం, తినడం అనాగరికం అన్నట్టుంది. ప్రపంచమంతా ఇదేనా?

బామ్మర్ది: కాదు బావగారూ. వదలడమే నిషేధమైన చోటు ఉంది. జపాన్‌లో అకబోషి టెట్సుమా అనే వ్యాపారవేత్త 1925లో అమెరికా నుంచి బాస్‌ను తెప్పించి ఆషి సరస్సులో వేయించాడు. మెల్లమెల్లగా అది వేరే నీళ్లకూ చేరింది. 1974లో బీవా సరస్సులో కనిపించింది. బీవా జపాన్‌లోకెల్లా పెద్ద సరస్సు, చాలా పురాతనమైంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేని చేపలు అందులో ఉన్నాయి. నిగోరోబునా అనే చేపను ఉప్పులో, అన్నంలో నెలల తరబడి ఊరవేసి అక్కడివాళ్లు ఫునాజుషి చేసుకుంటారు. బాస్, బ్లూగిల్ రెండూ కలిసి ఆ సరస్సు సొంత చేపల పిల్లలను తినేశాయి. బ్లూగిల్‌ను తెచ్చింది యువరాజుగా ఉన్నప్పుడు అకిహిటో. 1960లో షికాగో మేయర్ బహుమతిగా ఇచ్చాడు. తిండికి పనికొస్తుందన్న ఆశతో పెంచారు. 2007లో చక్రవర్తి హోదాలో ఆయనే ఆ పరిణామానికి బహిరంగంగా బాధపడ్డారు.

బావ: మరి ఇప్పుడక్కడ బాస్ పట్టినవాడు ఏం చేయాలి?

బామ్మర్ది: బీవా ఉన్న షిగా రాష్ట్రంలో 2003 నుంచి పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలకూడదు. వాటిని వేయడానికి గట్టు వెంబడి డబ్బాలు పెట్టారు. 2005 నుంచి జాతీయ చట్టం కింద బాస్‌ను ప్రాణంతో పెంచడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవడం దేశమంతటా నిషేధం. పెర్రీ రికార్డుతో సమానంగా నిలిచిన చేప కూడా ఆ బీవాలోనే పడింది. 2009 జులై 2న కురిటా మనాబు పట్టాడు. దాదాపు ఒక ఔన్సు తేడాతో పెర్రీ చేప కంటే ఎక్కువే తూగింది. కానీ కొత్త రికార్డు కావాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ ఉండాలని నిబంధన. అందుకే ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి.

బావ: అంటే అదే చేపను ఇక్కడ చంపితే నష్టం, అక్కడ వదిలితే నష్టం.

బామ్మర్ది: అదే నేను చెప్పాలనుకున్నది. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊళ్లో ఒక చిన్న చెరువులో చైనా కొర్రమీను పిల్లలు పెట్టి దొరికింది. దేశమంతా గగ్గోలు. ఆ ఏడాదే అమెరికా కొర్రమీను జాతులన్నిటినీ హానికర జీవుల జాబితాలో పెట్టింది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన మన కొర్రమీనును టెక్సాస్‌లో ప్రాణంతో దగ్గరుంచుకోవడమే నేరం.

బావ: తప్పు చేపది కాదు, మోసుకొచ్చినవాడిది. నిషేధం ఉన్నా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగతనంగా పెంచినవాళ్లు మా దగ్గరా ఉన్నారు. వరదొచ్చి గట్టు తెగితే అది కాలవల్లో పడుతుంది, ఇక దాన్ని ఆపేవాడు లేడు. రేపు ఈ సరదా నచ్చి ఎవరైనా బాస్ పిల్లలను తెచ్చి కొల్లేటిలో వేస్తేనో?

బామ్మర్ది: అంతకంటే ద్రోహం ఉండదు. గాలం సరదా కావాలంటే మన కొర్రమీను ఉంది. కప్ప ఆకారంలో ఉండే రబ్బరు ఎరను గుర్రపుడెక్క అంచున ఆడిస్తే అది కొట్టే దెబ్బ బాస్‌కు ఏమాత్రం తీసిపోదు. మన నీళ్లకు మన చేప చాలు.

బావ: బాగా చెప్పావు. ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఈ ఫోర్క్‌లో నేను ఒక చేప ఇంటికి తీసుకెళితే నీకు చిన్నతనమా?

బామ్మర్ది: కానే కాదు. తీసుకెళ్లాలి కూడా. ఇక్కడి నిబంధన వినండి. 16 అంగుళాల దాకా ఉన్న బాస్‌ను ఉంచుకోవచ్చు. 16కూ 24కూ మధ్య ఉన్నదాన్ని తప్పనిసరిగా వదిలేయాలి. 24 అంగుళాలు, ఆపైన ఉన్నవాటిలో ఒక్కటి ఉంచుకోవచ్చు. అన్నీ కలిపి రోజుకు ఐదు. పెద్దవి ఎదగాలంటే చిన్నవాటిని కొన్ని తీసేయాలన్నది దీని వెనక ఆలోచన. చిక్కేమిటంటే వదిలే అలవాటు ఎంత పాతుకుపోయిందంటే, తీసుకెళ్లమన్న చిన్నవాటిని కూడా చాలామంది వదిలేస్తున్నారు.

బావ: అదీ మరి! దీని సంగతి మా కొల్లేటి రైతుకు బాగా తెలుసు. మేము పిల్లను ఏడాదిపాటు ఒత్తుగా పెట్టి, మేత తగ్గించి, కావాలనే ఎదగనివ్వం. తర్వాత పెద్ద చెరువులో పలచగా వేస్తే కసిగా ఎదుగుతుంది. ఒత్తుగా ఉన్నంతకాలం ఎన్నేళ్లున్నా అది పిల్లే. మీ చెరువుల్లో చిన్న చేపలను ఎవరూ తీయకపోతే మేత చాలక అన్నీ గిడసబారి పోతాయి. జాలిపడి వదిలితే చేప ఎదగదు.

బామ్మర్ది: చిన్నవాటిని తినేవాళ్లకు ఇంకో లాభం ఉంది. బాస్ ఇతర చేపలను తిని బతుకుతుంది కాబట్టి నీటిలోని పాదరసం దాని కండలో పేరుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ అది ఎక్కువవుతుంది. ఇదే తూర్పు టెక్సాస్‌లోని కాడో లేక్‌లో పాదరసం కారణంగా బాస్‌ను పరిమితంగానే తినమని ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది. చిన్న చేపలో ఆ బెడద తక్కువ. కండ తెల్లగా ఉంటుంది, శీలావతిలా సన్న ముళ్లుండవు. చైనాలో దీన్ని 1980ల నుంచి చెరువుల్లో పెంచుతున్నారు, ఏటా లక్షల టన్నులు తింటున్నారు. మీరు వండితే పులుసూ బాగుంటుంది, వేపుడూ బాగుంటుంది.

బావ: అయితే తేలింది. పదహారు అంగుళాల లోపుది నాకు, ఆపైది చెరువుకు. అయినా ఒక్క విషయంలో నేను మారలేదు. ఒక్కటీ ఇంటికి తీసుకెళ్లకుండా, పొద్దంతా పట్టి వదలడం నాకు నచ్చదు. రెండు చేపలు దొరికాక గాలం చుట్టేసి ఇంటికి పోవాలి.

బామ్మర్ది: నేనూ ఒక్క విషయంలో మారలేదు. ఆ తట్టు కోసం వెళ్లకపోతే ఈ నీళ్లను నేను ఇంతగా పట్టించుకునేవాణ్ణి కాదు. నీటి మట్టం, నాచు, ఉష్ణోగ్రత, గుడ్ల కాలం, ఇవన్నీ నాకు నేర్పింది ఈ వేటే. చేపను పట్టేవాడు లేని చెరువు గురించి అడిగేవాడూ ఉండడు.

ఇద్దరి మాటా విన్నాక నాకు తోచింది చెబుతాను. వదలడం దానంతట అది పుణ్యం కాదు, తినడం దానంతట అది పాపం కాదు. గుడ్ల మీదున్న చేపను, మండుటెండలో అలిసిన చేపను పట్టి వదిలినవాడి కంటే నిబంధన ప్రకారం రెండు చిన్న చేపలు తీసుకెళ్లి వండుకున్నవాడే చెరువుకు మేలు చేశాడు. సొంత నీటిలో పెద్ద చేపను కోసినవాడు రాబోయే తరాన్ని కోసినట్టే. పరాయి నీటిలో దాన్నే వదిలినవాడు ఆ నీటి సొంత బిడ్డలకు కీడు చేసినట్టే. మనసులో ఎంత జాలి ఉందన్నదానితో చెరువుకు పని లేదు. ఏ చేపను ఎక్కడ, ఏ కాలంలో, ఎంత పొడవున్నప్పుడు తీశామన్నదే దానికి లెక్క.

అమెరికాలో గాలం పట్టే మన పిల్లలకూ, వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులకూ నా మనవి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు ఉండాలి. బయటినుంచి వచ్చినవాళ్లకు వేరే లైసెన్సు దొరుకుతుంది. స్టేట్ పార్కు గట్టు మీద నిలబడి పడితే అదీ అక్కర్లేదు. జలాశయానికో నిబంధన ఉంటుంది. ఫోర్క్‌లో చెల్లేది పక్క చెరువులో చెల్లకపోవచ్చు. గాలం విసిరేముందు ఆ నీటి నిబంధన చదవండి, కొలబద్ద దగ్గరుంచుకోండి, వదలాల్సినదాన్ని తడిచేత్తో వెంటనే వదలండి, ఉంచుకోవాల్సినదాన్ని మొహమాటపడకుండా ఇంటికి తెచ్చుకోండి. ఒకచోటి చేపను ప్రాణంతో ఇంకోచోటి నీళ్లలోకి మాత్రం ఎన్నడూ చేర్చకండి.